ఏఐ, క్వాంటమ్‌లో జీతం లేని రీసెర్చ్ ఇంటర్న్‌షిప్: ఎలా వెతకాలి, ఎలా చేయాలి

రోజుకు ఆరు గంటలు, వారానికి ఐదు రోజులు, ఎనిమిది వారాలు. మొత్తం 240 గంటలు. జీతం లేని ఇంటర్న్‌షిప్‌లో మీరు పెట్టే పెట్టుబడి ఇది. డబ్బు ఎలాగూ రాదు కాబట్టి తిరిగి రావాల్సింది ఒక్కటే: పని తెలిసిన మనిషి మీరు చేసింది చూసి, ఎక్కడ తప్పిందో చెప్పే సమయం. వారానికి అరగంట దొరికినా ఆ 240 గంటలు గిట్టుబాటే. అదీ లేకపోతే చేతికొచ్చే సర్టిఫికెట్ ఎంత మందం కాగితం మీద అచ్చేసినా దండగే. కింద చెప్పేదంతా ఆ అరగంటను ఎలా సంపాదించుకోవాలి, దొరికాక ఎలా వాడుకోవాలి అన్నదే.

1. ముందు స్టైపెండ్ ఇచ్చే చోట్లు చూసేయండి

మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్, ముంబై పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ వారి వీఎస్‌ఆర్‌పీ, ఐఐటీ హైదరాబాద్ వారి ష్యూర్ (రెండూ విద్యార్థుల వేసవి రీసెర్చ్ ప్రోగ్రాంలే), గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్. వీటిలో డబ్బు వస్తుంది. చిక్కల్లా తేదీలతోనే. అకాడమీల ఫెలోషిప్ లాంటి వాటికి వేసవి కోసం చలికాలంలోనే దరఖాస్తు పెట్టాలి. మనవాళ్లలో చాలామందికి సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడిన ఏప్రిల్‌లో మెలకువ వస్తుంది, అప్పటికి తలుపులు మూసేసి ఉంటాయి. అక్టోబర్‌లోనే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

అవి రాకపోతే, లేదా మీకు కావలసిన అంశం వాటిలో లేకపోతే అప్పుడు జీతం లేనివి. క్వాంటమ్ వైపు క్యూవరల్డ్ సంస్థ వేసవిలో ఆన్‌లైన్‌లో నడిపే క్యూఇంటర్న్, క్వాంటమ్ ఓపెన్ సోర్స్ ఫౌండేషన్ వారి మెంటార్‌షిప్ ఉన్నాయి. క్వాంటమ్ ఇన్ఫర్మేషన్ మీద పనిచేసే బృందాలు ప్రయాగ్‌రాజ్‌లోని హరీశ్‌చంద్ర రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో, బెంగళూరు రామన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. 2023 ఏప్రిల్‌లో కేంద్రం రూ.6,003.65 కోట్లతో ఆమోదించిన నేషనల్ క్వాంటమ్ మిషన్ కింద నాలుగు హబ్‌లు ఏర్పడ్డాయి: కంప్యూటింగ్‌కు ఐఐఎస్‌సీ, కమ్యూనికేషన్‌కు ఐఐటీ మద్రాస్, సెన్సింగ్‌కు ఐఐటీ బాంబే, మెటీరియల్స్‌కు ఐఐటీ ఢిల్లీ. హబ్ పేరుకు మెయిల్ పెడితే జవాబు రాదు. అందులో పనిచేసే ప్రొఫెసర్ల పేర్లు పట్టుకుని విడివిడిగా రాయాలి. ఏఐలో, ముఖ్యంగా తెలుగు మీద పనిచేయాలనుకుంటే, ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్‌లో భాషల మీద పనిచేసే ఎల్‌టీఆర్‌సీ, చిత్రాల మీద పనిచేసే సీవీఐటీ, ఐఐటీ మద్రాస్‌లో ఏఐ4భారత్ చూడండి.

మీ కాలేజీలోనే పీహెచ్‌డీ చేస్తూ పాఠాలు చెప్పే మేడమ్ ఉంటే ఆమెను మొదట అడగండి. పేరున్న చోట మిమ్మల్ని పట్టించుకోని గైడ్ కన్నా, వారం వారం కూర్చుని చూసే గైడ్ వెయ్యి రెట్లు నయం.

2. ఇంటర్న్‌షిప్పా, అమ్మకమా?

2025లో అమరావతి క్వాంటమ్ వ్యాలీకి 156 క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్‌లో బిట్ లాంటివి) ఐబీఎం యంత్రం వస్తుందని ప్రకటించారు. అలాంటి వార్త ఒకటి వచ్చిందంటే వెంటనే వాట్సాప్ గ్రూపుల్లో "క్వాంటమ్ ఏఐ ఇంటర్న్‌షిప్, సీట్లు పరిమితం" పోస్టర్లు దిగుతాయి. ఒకప్పుడు అమీర్‌పేట గోడల మీద బీటెక్ ప్రాజెక్టులు అమ్మినట్టే ఇదీ. తేడా ఏమిటంటే అప్పుడు కొనేవాడికి కొంటున్నానని తెలిసేది.

రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే అక్కడే ఆగండి. మీరు ఏం చదివారో, ఏం చేశారో ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఆఫర్ లెటర్ పంపినా ఆగండి. "ఇంటర్నేషనల్ జర్నల్‌లో పేపర్ గ్యారంటీ" అన్నారంటే ఆ జర్నల్‌కు కట్టే డబ్బు కూడా మీదే అని అర్థం. లెటర్‌హెడ్ మీద ఎంఎస్ఎంఈ, ఐఎస్ఓ ముద్రలు చూసి పొంగిపోవద్దు. ఎంఎస్ఎంఈ ముద్ర తెచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఎవరికి వారు ఆన్‌లైన్‌లో ఉచితంగా చేసుకునేదే. 21 అక్షరాల కంపెనీ నంబరు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల సైట్‌లో దొరికిందంటే కంపెనీ ఉందని మాత్రమే రుజువు, అందులో రీసెర్చ్ జరుగుతోందని కాదు.

ఒకే మెయిల్‌లో మూడు ప్రశ్నలు వేయండి: నా గైడ్ ఎవరు, ఈ అంశం మీద వారు రాసిన ఒక పేపర్ ఏది, వారానికి ఎన్నిసార్లు కలుస్తాం? నిజమైన ల్యాబ్ రెండు లైన్లలో జవాబిస్తుంది. అమ్మేవాళ్లు ఫోన్ చేస్తారు.

ఒక మినహాయింపు. కొన్ని ప్రభుత్వ విద్యాసంస్థలు బయటి విద్యార్థుల దగ్గర ల్యాబ్ ఫీజు తీసుకుంటాయి. ఆ వివరం వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో ఉండాలి, డబ్బు సంస్థ ఖాతాకే వెళ్లాలి, రసీదు రావాలి. ఎవరో వ్యక్తి యూపీఐ నంబరుకు పంపమంటే అది ఫీజు కాదు. ఇప్పటికే కట్టేసి మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి.

3. మెయిల్ రాయడానికి నాలుగు వారాల ముందు చేయాల్సిన పని

"మెషీన్ లెర్నింగ్ మీద ఆసక్తి ఉంది" అన్న మెయిళ్లు ప్రొఫెసర్లకు కుప్పలుగా వస్తాయి. చేసిన పని ఒకటి చూపించే మెయిల్ అరుదు. కాబట్టి ముందు చిన్న పని ఒకటి పూర్తి చేయండి.

క్వాంటమ్ అయితే హైడ్రోజన్ అణువు కనిష్ఠ శక్తిని వీక్యూఈ పద్ధతిలో (క్వాంటమ్ సర్క్యూట్, మామూలు కంప్యూటర్ కలిసి వెతికే పద్ధతి) లెక్కగట్టండి. రెండు పరమాణువుల మధ్య దూరం 0.735 ఆంగ్‌స్ట్రామ్, ఎస్‌టీఓ-3జీ బేసిస్ (ఎలక్ట్రాన్ల స్థితులను రాసే ఫంక్షన్ల చిన్న సెట్), ఎలక్ట్రాన్ల లెక్కను క్యూబిట్లలోకి మార్చే పారిటీ మ్యాపింగ్ వాడితే రెండు క్యూబిట్లకు సరిపోతుంది. జవాబు −1.137 హార్ట్రీ (అణువుల శక్తికి వాడే యూనిట్) దగ్గర రావాలి. −1.857 వచ్చిందా? సర్క్యూట్‌లో తప్పు వెతుకుతూ రెండు రోజులు పోగొట్టుకోకండి. అది ఎలక్ట్రాన్ల శక్తి మాత్రమే. కేంద్రకాల మధ్య వికర్షణ 0.720 కలపడం మర్చిపోయారు. తర్వాత అసలు పని మొదలవుతుంది. షాట్లు పెట్టి (అంటే అదే సర్క్యూట్‌ను మళ్లీ మళ్లీ నడిపి) కొలిస్తే వచ్చే తప్పు షాట్ల సంఖ్య వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. ఒక్కో పౌలీ పదానికి (శక్తి సూత్రంలో విడిగా కొలిచే భాగం) 1,000 షాట్లకు అది గరిష్ఠంగా 0.03 దాకా ఉంటుంది. దాన్ని పదో వంతుకు దించాలంటే లక్ష షాట్లు కావాలి. రసాయన శాస్త్రానికి పనికొచ్చే ఖచ్చితత్వం 0.0016 హార్ట్రీ. షాట్లు పెంచుతూ పోతే తప్పు ఎలా తగ్గిందో ఒక గ్రాఫ్ గీసి, దాని కింద నాలుగు వాక్యాలు రాశారంటే మీ దగ్గర చూపించుకోదగ్గ వస్తువు ఉన్నట్టే.

ఏఐ అయితే ఇంకో మోడల్ ట్రెయిన్ చేయడం కన్నా, ఉన్న మోడల్ ఎక్కడ తప్పుతుందో చూడడం మేలు. ఓపెన్‌ఎస్‌ఎల్‌ఆర్‌లో తెలుగు ఆడియో ఉచితంగా దొరుకుతుంది. అందులో 100 క్లిప్పులు మాటను రాతగా మార్చే విస్పర్ మోడల్‌కు వినిపించి, వచ్చిన తప్పులను చేత్తో వర్గీకరించండి. పట్టికలోకి ఎక్కేవి ఇలా ఉంటాయి. అసలు వాక్యంలో "వచ్చేశాడు" అని ఉంటే మోడల్ "వచ్చే శాడు" అని రాసింది. చదివేవాడికి అది తప్పే కాదు. పదాల లెక్కలో మాత్రం ఒక మార్పిడి, ఒక అదనపు పదం, అంటే ఒక్క పదానికి రెండు తప్పులు. మన భాషలో పదాలు అతుక్కుపోతాయి కాబట్టి వర్డ్ ఎర్రర్ రేట్ (పదాల్లో తప్పుల శాతం) ఒక్కటే చూపిస్తే మోడల్‌కు అన్యాయం, క్యారెక్టర్ ఎర్రర్ రేట్ (అక్షరాల్లో తప్పుల శాతం) కూడా పక్కన పెట్టాలి. ఇంకొకటి కంటికి కనిపించదు: "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో పొల్లు తర్వాత ఒక అదృశ్య అక్షరం ఉంటుంది. ఒక ఫైలులో అది ఉండి, ఇంకో దాంట్లో లేకపోతే కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు పదాలు. స్కోరు లెక్కించే ముందే అలాంటివి ఒకే రూపంలోకి మార్చాలి. "2024", "రెండు వేల ఇరవై నాలుగు" సంగతీ అంతే. ఈ మూడూ పట్టుకున్న విద్యార్థికి డేటాను కళ్లతో చూసే అలవాటు ఉందని ప్రొఫెసర్‌కు ఒక్క పేజీలో తెలిసిపోతుంది.

4. మెయిల్

మెయిల్ ఇంగ్లీషులోనే రాస్తారు. అందులో ఉండాల్సిన విషయం మాత్రం ఇంతే:

"నేను ఫలానా కాలేజీలో సీఎస్ఈ మూడో సంవత్సరం. తెలుగు స్పీచ్ మోడళ్ల మీద మీ ఫలానా పేపర్ చదివాను. అందులో మూడో పట్టికలో పదాల స్కోరు మాత్రమే ఉంది. అదే మోడల్‌ను 100 క్లిప్పుల మీద నడిపి చూస్తే తప్పుల్లో చాలావరకు పదాల మధ్య ఖాళీల తేడాలేనని తేలింది. కోడ్, పట్టిక ఈ లింకులో ఉన్నాయి. మే 10 నుంచి జూలై 5 వరకు వారానికి 30 గంటలు పనిచేయగలను. స్టైపెండ్ లేకపోయినా ఫర్వాలేదు. వారానికోసారి మీతో గానీ మీ పీహెచ్‌డీ విద్యార్థితో గానీ మాట్లాడే వీలుంటే చాలు."

ఇంతకు మించి రాయకండి. "రెస్పెక్టెడ్ సార్" అని మొదలుపెడితే వందమందికి పంపిన మెయిల్‌లా ఉంటుంది. కొన్నిసార్లు ఆ సార్ మేడమ్ అవుతారు కూడా. పేరు పెట్టి రాయండి. తెలుగు ప్రొఫెసర్ల పేర్లలో మామూలుగా ఇంటిపేరు ముందుంటుంది, బయట రాష్ట్రాల వారిలో చాలామందికి వెనక ఉంటుంది. ఏది ఏదో తేలకపోతే పూర్తి పేరు రాసేయడం క్షేమం. సీవీ ఒక్క పేజీ, పీడీఎఫ్. ఫైలుకు మీ పేరే పెట్టండి, "రెజ్యూమే ఫైనల్ న్యూ 2" కాదు.

ఒకే డిపార్ట్‌మెంట్‌లో నలుగురికి ఒకే మెయిల్ కొట్టొద్దు, వాళ్లు కలిసే టీ తాగుతారు. రోజుకు రెండు చొప్పున, ఒక్కో పేపర్ నిజంగా చదివి, 20 మందికి రాయండి. జవాబు రాకపోతే పది రోజులకు ఒక్కసారి గుర్తు చేయండి. రెండోసారి వద్దు. ప్రొఫెసర్ పలకకపోతే ఆ పేపర్ మొదటి రచయితకు రాయండి. ఎక్కువగా అది పీహెచ్‌డీ విద్యార్థే, రేపు మీ కోడ్ చూసేది కూడా వాళ్లే.

5. సరే అనేముందు

తేదీలు, వారానికి గంటలు, గైడ్ పేరు, చివర్లో ఏం తయారవ్వాలి, పేపర్ అయితే పేరు ఏ లెక్కన వేస్తారు. ఈ ఐదూ మెయిల్‌లో ఉండాలి. నోటిమాటగా ఒప్పుకున్నా, "మీరు చెప్పినవి ఇవీ" అని మీరే రాసి పంపి, "అవును" అనిపించుకోండి. పేరు గురించి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ముందు అడిగితే మామూలు ప్రశ్న, పేపర్ పంపే ముందురోజు అడిగితే తగాదా.

కాలేజీ నుంచి బోనఫైడ్, ఎన్‌ఓసీ కావాలి. హెచ్‌ఓడీ, ప్రిన్సిపల్ సంతకాలకు వారం పైనే పడుతుంది. ప్రిన్సిపల్ సెలవులో ఉంటే ఇంకా. ఈ ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు రావాలంటే యూనివర్సిటీ అడిగే ఫార్మాట్ ముందే తెచ్చుకుని గైడ్‌కు చూపించండి. అయిపోయాక చూపిస్తే తేదీలు కుదరవు.

కంపెనీ అయితే ఇంకో చూపు చూడాలి. జీతం లేదు, చేసిన కోడ్ వాళ్ల ప్రొడక్ట్‌లోకి వెళ్తుంది, పైగా ఎవరికీ చూపించకూడదని ఎన్‌డీఏ. ఈ మూడూ కలిస్తే అది ఇంటర్న్‌షిప్ కాదు, జీతం ఎగ్గొట్టిన ఉద్యోగం. వద్దనండి.

వేరే ఊరు వెళ్లాల్సి వస్తే హాస్టల్ ఇస్తారా అని అడగండి. లేకపోతే పీజీ అద్దె, అడ్వాన్స్, తిండి, బస్సు కలిపి ఎనిమిది వారాలకు ఎంతవుతుందో కాగితం మీద వేయండి. ఇంట్లో అప్పు చేసి పంపాల్సిన పరిస్థితి ఉంటే మొహమాటపడకుండా ఆన్‌లైన్‌లో చేస్తానని చెప్పండి. సిమ్యులేటర్ మీద చేసే క్వాంటమ్ పనికీ, చాలావరకు ఏఐ పనికీ మనిషి ల్యాబ్‌లో ఉండాల్సిన అవసరం లేదు.

అమెరికాలో ఎంఎస్ పూర్తిచేసి ఓపీటీలో (చదువు తర్వాత పనిచేయడానికి ఇచ్చే అనుమతి) ఉన్నవాళ్లకు లెక్క వేరు. మొదటి ఓపీటీలో 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. డిగ్రీకి నేరుగా సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు, కార్మిక చట్టాలకు లోబడి చేస్తే, జీతం లేకపోయినా అది ఖాళీ కింద లెక్కకు రాదు. యూనివర్సిటీ ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేసే పని ఇందుకు బాగా సరిపోతుంది. చేరిన పది రోజుల్లో విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు సెవిస్‌లో వివరాలు నమోదు కావాలి. గంటలు రాసిన డైరీ, గైడ్ మెయిళ్లు దాచుకోండి. సైన్స్, టెక్నాలజీ డిగ్రీలవాళ్లకు ఓపీటీని పొడిగించే 24 నెలల స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌లో మాత్రం జీతం లేని పని అసలు చెల్లదు, దానికి నింపే ఐ-983 శిక్షణ ప్లాన్ ఫారంలోనే జీతం రాయాలి. డబ్బు తీసుకుని "ఎంప్లాయర్‌గా పేరు పెట్టుకుంటాం" అనే వాళ్ల జోలికి వెళ్తే పోయేది మీ వీసా. అనుమానం ఉంటే రూమ్మేట్‌ను కాదు, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్ఓను అడగండి.

6. మొదటి రెండు వారాలు

కోడ్ నడవకపోవడంతోనే మొదటి వారం గడుస్తుంది, కంగారొద్దు. ఐబీఎం క్వాంటమ్ ప్రోగ్రామింగ్ లైబ్రరీ క్విస్కిట్ 1.0 వచ్చింది 2024 ఫిబ్రవరిలో. అంతకు ముందు యూట్యూబ్‌లో పెట్టిన పాఠాల్లోని ఎగ్జిక్యూట్ ఫంక్షన్ అందులో లేదు, ఎయిర్ సిమ్యులేటర్‌ను విడి ప్యాకేజీగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. పాత వెర్షన్ మీదే కొత్తది ఎక్కించకండి, రెండూ కలగాపులగమై ఎర్రర్లు వస్తాయి. కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తెరిచి మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయండి. ఏ వెర్షన్లు పెట్టారో ఆరోజే ఫైలులో రాసి పెట్టండి.

ల్యాప్‌టాప్ ఎంతవరకు మోస్తుందో ముందే తెలుసుకోండి. పూర్తి స్టేట్‌వెక్టర్ సిమ్యులేషన్‌లో (క్యూబిట్ల స్థితి మొత్తాన్ని మెమరీలో ఉంచే పద్ధతి) 26 క్యూబిట్లకు 1 జీబీ, 28కి 4 జీబీ, 30కి 16 జీబీ ర్యామ్ కావాలి. క్యూబిట్ ఒకటి పెరిగితే మెమరీ రెట్టింపు. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో 29 పెడితే మిషన్ బిగుసుకుపోవడం ఖాయం. నిజమైన ఐబీఎం యంత్రం మీద ఉచిత ప్లాన్‌లో నెలకు సుమారు 10 నిమిషాలే దొరుకుతుంది. సిమ్యులేటర్‌లో సరిగ్గా రాకుండా ఆ నిమిషాలు తగలేయకండి.

కొత్తవాళ్లు తప్పకుండా పడే గుంట ఒకటుంది. క్విస్కిట్‌లో సున్నా నంబరు క్యూబిట్ ఫలితంలో కుడి చివరన కనిపిస్తుంది. మూడు క్యూబిట్లలో సున్నా నంబరు దాని మీద మాత్రమే ఎక్స్ గేటు (సున్నాను ఒకటిగా తిప్పేది) పెడితే 100 కాదు, 001 వస్తుంది. పాఠ్యపుస్తకాలు చాలావరకు ఎడమ నుంచి రాస్తాయి. జవాబు అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తే మొదట ఇదే చూడండి.

ఏఐ పనికి గూగుల్ కొలాబ్‌లో ఆన్‌లైన్‌గా దొరికే ఉచిత జీపీయూ ఎప్పుడైనా తెగిపోతుంది. రాత్రి వదిలేసి పొద్దున లేచి చూస్తే ఏమీ మిగలదు. ప్రతి ఇపాక్ (డేటా మొత్తాన్ని మోడల్ ఒకసారి చూడడం) తర్వాత మోడల్‌ను డ్రైవ్‌లో సేవ్ చేసేలా, తెగినచోట నుంచి మళ్లీ అందుకునేలా మొదటి రోజే రాయండి. కాగుల్ సైట్‌లో వారానికి సుమారు 30 గంటల జీపీయూ దొరుకుతుంది, ఫోన్ నంబరు ధ్రువీకరించాలి. స్కోరు అనుమానాస్పదంగా బాగా వచ్చిందంటే సంబరపడకండి. ఎక్కువగా ట్రెయినింగ్ డేటా టెస్ట్‌లోకి కారి ఉంటుంది. ఫొటోలను తిప్పి, కత్తిరించి సంఖ్య పెంచాక ట్రెయినింగ్, టెస్ట్‌లుగా విడగొడితే ఒకే ఫొటో రెండు వైపులా చేరుతుంది. ముందు విడగొట్టాలి, తర్వాతే పెంచాలి. స్పీచ్‌లో అయితే ఒకే మనిషి గొంతు రెండు వైపులా ఉండకూడదు. ఒక్క రన్ అంకె చెప్పొద్దు. కనీసం మూడు వేర్వేరు సీడ్లతో (యాదృచ్ఛికతను మొదలుపెట్టే అంకెలు) నడిపి సగటు, తేడా రెండూ చెప్పండి.

7. వారం వారం ఆ అరగంట

మీటింగ్‌కు ముందురోజు సాయంత్రం అర పేజీ మెయిల్ పెట్టండి. ఈ వారం ఏం చేశాను, వచ్చిన అంకె ఏది, ఎక్కడ ఆగాను, మీరు తేల్చాల్సిన ప్రశ్న ఏది. ఆఖరిది లేని మెయిల్ పంపకండి. "పని జరుగుతోంది సార్" అంటే గైడ్ "సరే, కొనసాగించు" అంటారు, అరగంట అక్కడితో అయిపోతుంది. ఫలితం చెడ్డగా వచ్చినా దాచొద్దు. చెడ్డ ఫలితం ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికే ఆయన దగ్గరికి వెళ్లింది. ఛాట్‌జీపీటీతో రాయించిన కోడ్ ఉంటే ప్రతి లైనూ చెప్పగలిగేలా ఉండాలి. "ఈ లైను ఎందుకు?" అన్న ప్రశ్నకు తెల్లమొహం వేస్తే ఆ తర్వాత మీ అంకెలనెవరూ నమ్మరు.

గైడ్ కనిపించకుండా పోవడం మామూలే: కాన్ఫరెన్సులు, పరీక్ష పేపర్లు. ఒక వారం ఊరుకోండి. రెండో వారం కూడా జవాబు లేకపోతే ల్యాబ్‌లో పీహెచ్‌డీ విద్యార్థిని వారంవారం చూడమని అడగండి. మూడో వారం ఇద్దరూ లేకపోతే మర్యాదగా ఒక మెయిల్ రాసి బయటకు వచ్చేయండి. మిగిలిన గంటలు మీవే.

డేటా లేబుల్ చేయడం, ఎక్సెల్ నింపడం లాంటి పని కొంత అందరికీ తప్పదు. మూడు వారాలైనా అదే అయితే, "నెక్స్ట్ ఇందులోంచి ఏ ప్రశ్నకు జవాబు వెతుకుదాం?" అని అడగండి. జవాబు లేదంటే వాళ్లకు కావాల్సింది ఇంటర్న్ కాదు, గుమస్తా.

8. చివరి వారం

కొత్త ప్రయోగాలు ఆపేయండి. కోడ్ రెపాజిటరీలో పెట్టి, రీడ్‌మీలో మొదటి నుంచి చివరి దాకా ఏ కమాండ్ తర్వాత ఏది అన్నది రాయండి. తర్వాత అది ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ఇచ్చి, మీరు నోరు మెదపకుండా పక్కన కూర్చోండి. అతను ఆగిన ప్రతిచోటా రీడ్‌మీలో ఒక లైను తక్కువైంది. ల్యాబ్ డేటా బయట పెట్టొచ్చో లేదో గైడ్‌ను అడిగాకే రెపాజిటరీని పబ్లిక్ చేయండి.

సిఫారసు లేఖ గురించి వెళ్లేరోజే ఒక మాట చెప్పి ఉంచండి. సరిగ్గా "బలమైన లేఖ ఇవ్వగలరా?" అనే అడగండి. ఆయన తటపటాయిస్తే అది ఉపకారమే అనుకుని వేరే వారిని చూసుకోండి. అసలు లేఖ కావాల్సినప్పుడు గడువుకు మూడు వారాల ముందు మెయిల్ పెట్టి, దాంతోపాటు మీరు ఎనిమిది వారాలూ పంపిన అర పేజీ నోట్లన్నీ ఒకే ఫైలుగా జత చేయండి. ఏడాది తర్వాత ఆయనకు మీ మొహం గుర్తుండకపోవచ్చు. ఐదో వారంలో వికర్షణ శక్తి కలపడం మర్చిపోయి మీరే పట్టుకున్న సంగతి ఆ ఫైలులో ఉంటుంది, లేఖలోకి ఎక్కేది అదే.